తిమ్మిరి కాలికి పసరు కట్టొద్దు!

భావనపాడు రేవు అన్నలకీ, అక్కలకీ,

మొన్న మన రేవులో ఇంకొకరికి మోకాలి కింద కాలు తీసేశారు. గుచ్చుకున్నది చేప ముల్లు. షుగరుతో అరికాలు ఎప్పుడో మొద్దుబారింది గనక నొప్పి తెలీలేదు. ముందు పసుపూ వేపాకూ నూరి కట్టారు. తర్వాత ఆకుపసరు, వాచాక వేణ్ణీళ్ల కాపడం. వాసనొచ్చాకే ఆసుపత్రి గుర్తొచ్చింది.

పసుపు మంచిదేగా అంటారు. లోపల చీము ఎముక దాకా పోతుంటే పైన పసుపు ముద్ద దాన్ని కప్పిపెట్టడం తప్ప ఏం చేస్తుంది? ఆనెకి రాసిన జిల్లేడు పాలు చర్మాన్ని కాల్చేస్తాయి. కాపడం నీళ్లకి బొబ్బలెక్కినా ఆ కాలికి తెలీదు. నొప్పి లేదు గనక తగ్గుతోందనుకుంటాం, అక్కడే మునుగుతాం. షుగరు వల్ల కాలు తీయించుకున్న ప్రతి 100 మందిలో దాదాపు 85 మందికి ముందు వచ్చింది పాదం మీద పుండే.

ఇక ‘షుగర్ మాయం’ అని పొడులమ్మేవాళ్లు! ఇన్సులిన్ మాన్పించి పొడి తాగిస్తారు, కాలు తీసేనాడు ఒక్కడూ కనబడడు. మధుమేహం, గాంగ్రీన్ నయం చేస్తామని మందుకి ప్రకటన ఇవ్వడమే నేరమని 1954లోనే కేంద్రం చట్టం చేసింది. మొదటి తప్పుకే ఆరు నెలల దాకా జైలు. 70 ఏళ్లు దాటినా ఆ చట్టం మన సంతల దాకా ఎందుకు రాలేదు?

సర్కారునీ అడుగుదాం. కుష్ఠు వచ్చినవాళ్ల పాదాలకీ ఇలాగే స్పర్శ ఉండదు. వాళ్లకి మెత్తటి రబ్బరు (ఎం.సి.ఆర్.) చెప్పులు ప్రభుత్వమే ఉచితంగా ఇస్తోంది, ఇవ్వాల్సిందే. అదే మొద్దుబారిన పాదం షుగరు మనిషిదైతే ఎందుకివ్వదు?

ఆసుపత్రికెళ్తే వేట పోతుందంటారు. కాలు పోతే బోటెవరు ఎక్కుతారు?

మన డిమాండ్లు మూడు:

1. వారానికో రోజు ఆరోగ్య కేంద్రంలో షుగరున్నవాళ్ల పాదాలు చూడాలి, నైలాన్ పోగుతో స్పర్శ పరీక్ష చేయాలి.
2. స్పర్శ పోయిన ప్రతి ఒక్కరికీ ఎం.సి.ఆర్. చెప్పులివ్వాలి.
3. దొంగ మందుల ప్రకటనల మీద 1954 చట్టం కింద కేసులు పెట్టాలి.

మన వంతు: వట్టి కాళ్లతో ఇసకలో దిగొద్దు. రోజూ రాత్రి అరికాళ్లు చూసుకోండి, చూపానకపోతే పిల్లల చేత చూపించుకోండి. పుండు కనబడిన రోజే ఆసుపత్రికి వెళ్లండి. నలుపు, వాపు, జ్వరం ఉంటే 108కి ఫోన్ చేయండి.

గ్రామసభలో ఈ మూడూ తీర్మానం చేయిద్దాం. ఇంటికో సంతకం పెట్టి, టెక్కలి అధికారుల దగ్గరకి అందరం కలిసి వెళ్దాం.