పూత మీద సీటు బేరం

బయానా అనే మాట మా ఇంట్లో రెండు సందర్భాల్లోనే వినపడేది. ఇల్లు కొన్నప్పుడు, మామిడి తోట గుత్తకి తీసుకున్నప్పుడు. ఇప్పుడు మూడోది వచ్చి చేరింది. పదో తరగతి పిల్లల ఇంటర్ సీటు.

సంక్రాంతి సెలవులు రాకముందే చుండూరు మొహల్లాల్లోకి మోటార్ సైకిళ్లు దిగుతాయి. మెళ్లో ఐడీ కార్డు, చేతిలో రంగుల పాంప్లెట్లు, నోట్లో మీఠా జబాన్. "భాభీ, ఇప్పుడు అయిదు వేలు కట్టండి, ఫీజులో పాతిక వేలు తగ్గిస్తాం. రిజల్ట్స్ వచ్చాక ఈ రాయితీ ఉండదు. అసలు సీటే ఉండదు."

ఆ కుర్రాడి మీద నాకు గుస్సా లేదు. వాడికీ పైన టార్గెట్ ఉంది, ఇంటి దగ్గర పెళ్లాం పిల్లలున్నారు. నా గుస్సా ఈ కారోబార్ మీద. నిజం చెప్పాలంటే మన జల్దీ మీద కూడా.

మా అబ్బా నూజివీడు వైపు మామిడి తోటలు పూత మీద గుత్తకి తీసుకునేవాడు. పూత చూసి బేరం, రైతు చేతిలో బయానా. ఆ తర్వాత గాలివానొచ్చినా, తేనెమంచు పురుగు పట్టినా నుక్సాన్ అబ్బాదే. కాయ నిలబడితే ఫాయిదా కూడా అబ్బాదే. అది జూదమే గానీ అందులో ఒక ఇన్సాఫ్ ఉంది. నష్టం మోసేవాడికే లాభం.

మరి సీటు బేరంలో? పూత మన బిడ్డది. బయానా ఇచ్చేదీ మనమే. మార్కులు తగ్గితే బిడ్డ కింది సెక్షన్‌కి పోతుంది. మార్కులు దంచి కొడితే ఫొటో వాళ్ల ఫ్లెక్సీ మీదికి ఎక్కుతుంది. గాలివాన మనది, పండు వాళ్లది. మా అబ్బా బతికుంటే ఇలాంటి బేరం చేసినవాణ్ణి చూసి నవ్వేవాడు.

పోయినేడు మా ఇంట్లోనే జరిగింది. మా ఆపా కూతురు జిల్లా పరిషత్ హైస్కూల్లో చదివింది. డిసెంబరులో ఆపా చెవిదుద్దులు తాకట్టు పెట్టి ఒక కాలేజీకి బయానా కట్టేసింది. ఆ రోజు నుంచి ఇంట్లో ఏం అడిగినా ఒకటే జవాబు. పాలీసెట్ దరఖాస్తు పెట్టారా? కట్టేశాం కదా భాయ్. రెసిడెన్షియల్ కాలేజీ పరీక్ష? కట్టేశాం కదా. పిల్లకి మార్కులు బ్రహ్మాండంగా వచ్చాయి. మిఠాయిలు పంచారు. ట్రిపుల్ ఐటీకి దరఖాస్తు పెట్టారా అని నేను అడిగేసరికి గడువు దాటి నాలుగు రోజులైంది. సీటు వచ్చేదో రాదో ఖుదాకి ఎరుక. అసలు అడగనే లేదు, అదీ నా దర్ద్. అయిదు వేలు పోయినందుకు కాదు, ఆ అయిదు వేలు మిగతా తలుపులన్నీ మూసేసినందుకు.

ఏ తలుపులో వినండి. నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం ట్రిపుల్ ఐటీల్లో ఇంటర్, బీటెక్ కలిపి ఆరేళ్ల చదువు. పదో తరగతి మార్కుల మీదే సీటు. పైగా ప్రభుత్వ బడుల్లో చదివిన పిల్లలకి 4 శాతం అదనంగా కలుపుతారు. అంటే మన పల్లె బడి పిల్లకి సర్కారు ఇచ్చిన హక్కు అది. బయానా కట్టి దాన్ని మనమే చెత్తబుట్టలో వేస్తున్నాం. ఏపీఆర్‌జేసీ ప్రవేశ పరీక్ష రాస్తే సర్కారీ రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలున్నాయి. 120 మార్కుల పాలీసెట్ రాస్తే మూడేళ్ల డిప్లొమా, ఆపైన ఈసెట్‌తో నేరుగా బీటెక్ రెండో ఏడాది. ఏదీ కుదరకపోతే సర్కారీ జూనియర్ కాలేజీ ఉండనే ఉంది. 2025 జనవరి నుంచి అక్కడ మధ్యాహ్నం భోజనం కూడా పెడుతున్నారు.

ఈ తలుపులన్నీ ఎప్పుడు తెరుచుకుంటాయి? 2025లో పది ఫలితాలు ఏప్రిల్ 23న వచ్చాయి. పాలీసెట్ ఏప్రిల్ 30న జరిగింది. ట్రిపుల్ ఐటీ దరఖాస్తులు ఫలితాలొచ్చాకే. మనం డిసెంబరులో కట్టిన బయానా ఈ రోజుల్ని ముందే కొనేసింది. రాయితీ అని వాళ్లు చెప్పేది దానం కాదు, మనం వదులుకున్న రోజులకి వాళ్లిచ్చిన ఖరీదు. అదీ చాలా సస్తా ఖరీదు.

కానూన్ లేదా అంటారా? ఉంది. ప్రవేశాల షెడ్యూలు ఇవ్వకముందే పిల్లల్ని చేర్చుకోకూడదని, ప్రవేశ పరీక్ష పెట్టకూడదని, పదో తరగతి మార్కుల ఆధారంగానే సీటివ్వాలని ఇంటర్ బోర్డు నిబంధనలే చెబుతాయి. కాగితం మీద రాసింది మన గుమ్మం దాకా రాదు, అంతే. ఫీజుల సంగతీ అదే. 2021 ఆగస్టులో సర్కారు 54వ నంబరు జీవోతో ప్రైవేటు జూనియర్ కాలేజీల ఫీజులు ఖరారు చేసింది. ఆ డిసెంబరులోనే హైకోర్టు ఆ జీవోని కొట్టేసింది. ఇక గరీబు చేతిలో మిగిలిన హథియార్ ఒక్కటే, సబర్.

ఈ తకరార్ మనదొక్కరిదే కాదు. అమెరికాలో ఉన్న మనవాళ్ల పిల్లలకీ ఉంది. అక్కడ ఎర్లీ డెసిషన్ అని ఒకటి. నవంబరులో ఒకే కాలేజీకి మాటిచ్చి దరఖాస్తు పెట్టాలి, సీటొస్తే మిగతావన్నీ వదులుకోవాలి. ఎర్లీ యాక్షన్ అని ఇంకొకటి. ముందే అడగొచ్చు, వచ్చినా మే దాకా ఆలోచించుకోవచ్చు. మొదటిది ఎవరికి కుదురుతుంది? ఏ కాలేజీ ఎంత సాయం ఇస్తుందో పోల్చి చూసుకునే అవసరం లేని అమీర్లకి. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం 2006లో ఆ కట్టుబాటు పద్ధతిని వదిలేసింది. 2011లో ముందస్తు దరఖాస్తు మళ్లీ తెచ్చింది గానీ కట్టుబాటు షరతు తేలేదు. చూశారా ఫరక్? ముందు అడగడం వేరు, ముందు కట్టుబడటం వేరు. అడగడంలో తప్పు లేదు, నాలుగు చోట్ల అడగండి. కట్టుబడటమే మనలాంటివాళ్ల ఔకాత్‌కి మించిన పని.

ఇక్కడ మా ఆపా నన్ను ఒక మాట అంది. అది విన్నాక నాకు రాత్రి నిద్ర పట్టలేదు. "నువ్వు మగాడివి భాయ్, నీకు సబర్ ఉంటుంది. పది అయిపోగానే దీనికి రిష్తాలు చూడమని ఇంట్లో పెద్దలు కూర్చున్నారు. డబ్బు కట్టేశానంటే నోరు మూసుకుంటారని కట్టాను." ఏం చెప్పను? ఆ అయిదు వేలు కాలేజీకి కాదు, కూతురి చదువుకి వేసిన గొళ్లెం. ఆ భయం సచ్. దాన్ని ఎవరూ తేలిగ్గా తీసేయకూడదు.

కానీ ఆ గొళ్లెం వేయాల్సింది ఒక దుకాణదారు చేతికి తాళం ఇచ్చి కాదు. అది మనం, మామలు, చాచాలు, అబ్బాలు పెద్దల ముందు కూర్చుని చెప్పాల్సిన మాట. "పిల్ల చదువుతుంది, బస్." ఆ మాట మేం టైముకి చెప్పలేదు కాబట్టే మా ఆపా దుద్దులు తాకట్టుకి పోయాయి. కసూర్ ఆమెది కాదు, మాది.

చలికాలంలో ఖాళీగా కూర్చోమని నేననడం లేదు. జనవరిలో బయానా బదులు సచివాలయానికి వెళ్లండి. కులం, ఆదాయం సర్టిఫికెట్లు తీయించండి. బీసీ-ఈ కిందికి వచ్చేవాళ్లు ఆ 4 శాతం కోటా కాగితం లేకుండా ఉండొద్దు. ఒక కాగితం మీద పరీక్షల తారీఖులు, దరఖాస్తుల గడువులు రాసి గోడకి అతికించండి. చదువు రాని అమ్మీ అయితే పక్కింటి డిగ్రీ పిల్లని అడగండి, సిగ్గు పడొద్దు.

మళ్లీ జనవరిలో ఆ బండి మీ గుమ్మం ముందు ఆగుతుంది. కుర్రాణ్ణి కూర్చోబెట్టండి, చాయ్ ఇవ్వండి, పాంప్లెట్ కూడా తీసుకోండి. "ఏప్రిల్‌లో రా బేటా, మార్కుల లిస్టు ముందు పెట్టుకుని మాట్లాడుకుందాం" అని చెప్పి పంపండి.

బయానా మాత్రం ఇవ్వకండి.