ఐదు నిమిషాల్లో సైటు, ఆ తర్వాత ఎవరి ఖర్మ వాళ్ళది

వర్డ్‌ప్రెస్ వాళ్ళు తమ సాఫ్టువేరు గురించి గొప్పగా చెప్పుకునే మాట ఒకటుంది: "ఐదు నిమిషాల ఇన్‌స్టలేషను". అందులో అబద్ధమేమీ లేదు. ఇప్పుడైతే హోస్టింగు ప్యానెల్లో ఒక్క బటను నొక్కితే చాలు, ఆ ఐదు నిమిషాలు కూడా అక్కర్లేదు. నా గోలంతా ఆ తర్వాత వచ్చే ఐదేళ్ళ గురించి.

మన సాఫ్టువేరు జనాభా సంగతి తెలిసిందే కదా. చుట్టాల్లో ఎవరో స్కూలు నడుపుతుంటారు. బాబాయి గారి స్నేహితుడికి క్లినిక్ ఉంటుంది. ఏ డల్లాస్‌లోనో తెలుగు సంఘం వాళ్ళకి ఉగాదిలోపు సైటు కావాల్సొస్తుంది. "నువ్వు సాఫ్టువేరే కదా, మాకో సైటు చేసిపెట్టరాదూ" అంటారు. మనవాడు శని, ఆదివారాలు కూర్చుని వర్డ్‌ప్రెస్సో జూమ్లానో ఎక్కించేసి, ఓ థీము తగిలించి, ఇరవై ప్లగిన్లు దట్టించి, "ఇదిగోండి అడ్మిన్ పాస్‌వర్డు, ఇక మీరే మార్చుకోవచ్చు, ప్రోగ్రామింగు రానక్కర్లేదు" అని చేతులు దులుపుకుంటాడు.

ఆ చివరి మాట ఉంది చూశారూ, నా కోపమంతా దాని మీదే. ఒకసారి పెట్టేస్తే సీఎంఎస్ దానంతటదే నడుస్తుందని నమ్మించడం మోసం. తెలిసి చేసినా తెలియక చేసినా మోసమే.

ఎందుకంటారా? పాతకాలం హెచ్‌టీఎంఎల్ పేజీ సర్వర్ మీద పడుండే ఒక ఫైలు, అంతే. అడిగినవాడికి అలాగే తీసి ఇస్తుంది. సీఎంఎస్ అలా కాదు. ఎవరైనా పేజీ అడిగితే పీహెచ్‌పీ లేవాలి, డేటాబేసుని అడగాలి, థీము కదలాలి, ఇరవై ప్లగిన్లూ తమ వంతు తాము చెయ్యాలి. ఆ ఇరవై ప్లగిన్లనీ ఇరవై మంది వేర్వేరు మనుషులు రాసి ఉంటారు. వాళ్ళలో సగం మంది ఈపాటికి ఆ పని మానేసి ఉండొచ్చు. పైగా అడ్మిన్ లాగిన్ పేజీ ప్రపంచం మొత్తానికీ తెరిచే ఉంటుంది. అంటే మీరు ఆ స్కూలాయనకి అప్పజెప్పింది రోజూ కనిపెట్టుకుని ఉండాల్సిన ఒక ప్రొడక్షన్ సర్వర్ని. ఆఫీసులో ఓనరు లేని అప్లికేషన్ని మూడు రోజులు ప్రొడక్షన్లో ఉంచుతామా? మేనేజరు ఊరుకుంటాడా? మరి బాబాయి గారి స్నేహితుడి దగ్గరికొచ్చేసరికి ఆ బుద్ధి ఏమవుతుంది?

భయపెట్టడానికి చెబుతున్నాననుకోకండి. 2014 అక్టోబరు 15న డ్రూపల్ 7లో ఒక ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ లోపం బయటపడింది. దాన్నే జనం డ్రూపల్‌గెడాన్ అన్నారు. రెండు వారాల తర్వాత డ్రూపల్ భద్రతా బృందమే ఒక ప్రకటన చేసింది: లోపం ప్రకటించిన ఏడు గంటల్లోపు ప్యాచ్ చేసుకోని ప్రతి సైటూ చొరబాటుకి గురైనట్టే అనుకోండి అని. ఏడు రోజులు కాదండీ, ఏడు గంటలు. మన లెక్కలో రాత్రి తొమ్మిదిన్నర నించి తెల్లవారుజాము నాలుగున్నర వరకు. మనం నిద్రపోయే టైము! పొద్దున్నే లేచి అప్‌డేట్ చేసినా లాభం లేదు, ఎందుకంటే అప్పటికే లోపల ఎవడో దొడ్డిదారి పెట్టేసుకుని ఉంటాడు. ఇప్పుడు చెప్పండి, ఆ రాత్రి క్లినిక్ డాక్టరు గారు ఏం చెయ్యాలి?

"వర్డ్‌ప్రెస్ అయితే తనే అప్‌డేట్ చేసుకుంటుంది కదా" అని తయారుగా ఉంటారు కొందరు. ఒప్పుకుంటాను, మంచి పనే చేశారు. 2013 అక్టోబరులో వచ్చిన 3.7 నించి చిన్న విడుదలలు తమంతట తామే ఎక్కుతాయి. 2017 జనవరిలో రెస్ట్ ఏపీఐ లోపాన్ని 4.7.2తో పూడ్చినప్పుడు, అలా మారిన సైట్లు బతికిపోయాయి. మారనివాటిల్లో లక్షల పేజీలని ఎవరెవరో చెరిపేసి తమ పేర్లు రాసుకున్నారు. మరి అవెందుకు మారలేదు? ఆటో అప్‌డేట్ ఆపేస్తే మారదు. ఎవరు ఆపుతారు? కోర్ ఫైళ్ళల్లోనే చెయ్యి పెట్టి కోడు మార్చేసిన మన బోటి మేధావులు! అప్‌డేట్ అయితే తమ మార్పులు ఎగిరిపోతాయని. పోనీ కోర్ సంగతి అలా ఉంచండి, వర్డ్‌ప్రెస్ లోపాల్లో ఎక్కువ భాగం వచ్చేది ప్లగిన్ల నించి. వాటిని ఆటోమేటిగ్గా మార్చుకునే వీలు అడ్మిన్ తెరలోకి వచ్చిందే 2020లో, 5.5తో. అది కూడా మీరు ఆన్ చేస్తేనే. 2011లో టిమ్‌థంబ్ అని బొమ్మల సైజు మార్చే ఒక చిన్న స్క్రిప్టు కొంపలు ముంచింది. అది థీముల లోపల కూర్చుని ఉండేది. తమ సైటులో అలాంటిదొకటి ఉందని సైటు యజమానికే తెలీదు, ఇక దేన్ని అప్‌డేట్ చేస్తాడు?

అన్నిసార్లూ అప్‌డేట్ అంటే బటను నొక్కుడు కూడా కాదు. జూమ్లా 1.5 నించి 2.5కి వెళ్ళాలంటే సైటు మొత్తాన్నీ మూటకట్టి కొత్తింట్లో దింపుకోవాలి. డ్రూపల్ 7 నించి 8కి కూడా అంతే, దాదాపు మళ్ళీ కట్టుకోవడమే. అందుకే జనం కదల్లేదు, డ్రూపల్ 7 గడువుని పొడిగిస్తూ పొడిగిస్తూ చివరికి 2025 జనవరి 5న ఆపేశారు. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు మనవాళ్ళు. సైటు కూడా ఉండుంటే అదీ చేర్చేవాళ్ళేమో.

ఇంత జరిగినా ఇంటాయనకి ఏమీ తెలియకపోవడం ఇందులో అసలు విషాదం. నాకు తెలిసిన ఒక చిన్న ఊరి స్కూలుకి ఇదే జరిగింది. హెడ్మాస్టరు గారు సైటు తెరిస్తే అంతా బాగానే కనిపిస్తోంది. గూగుల్లో స్కూలు పేరు వెతికితే మాత్రం జపనీస్ భాషలో వందల పేజీలు, నకిలీ బ్రాండు సరుకుల అమ్మకాలు! ఇది బాగా పేరు మోసిన దాడే. గూగుల్‌కి ఒక పేజీ, మనిషికి ఒక పేజీ చూపిస్తుంది. బాగుచేద్దామంటే సైటు చేసినవాడు ఉద్యోగం మారాడు, ఫోను నంబరు మార్చాడు. డొమైన్ ఎవరి పేరు మీదుంది? ఆయన పేరు మీదే. రెన్యువల్ మెయిళ్ళు ఎవరికి వెళుతున్నాయి? ఆయన చూడని మెయిలు పెట్టెకి. పిల్లల తల్లిదండ్రులు పదేళ్ళుగా ఆ స్కూలుని నమ్మిన పేరు ఇప్పుడు ఎవడో ఒకడి దయాధర్మం మీద ఉంది.

ఇక రాసినదాని సంగతి. ఈ బాధ తెలుగువాళ్ళం ఇప్పటికే ఒకసారి పడ్డాం. యూనికోడ్ రాకముందు మన పత్రికల సైట్లన్నీ ఎవరి ఫాంటులో వాళ్ళు రాసుకున్నారు. ఆ ఫాంటు లేకపోతే పిచ్చి గీతలు, వెతికితే దొరకదు. వాటిని చదవడానికి ఫైర్‌ఫాక్స్‌లో పద్మ లాంటి పొడిగింతలు వాడాల్సొచ్చింది. తర్వాత డేటాబేసుని లాటిన్-1లో ఉంచి, సర్వర్ మార్చేటప్పుడు తెలుగంతా ప్రశ్నార్థకాలైపోయిన ముచ్చటా చూశాం. ఇప్పుడు పేజ్ బిల్డర్ల వంతు. నాలుగు ముక్కల వ్యాసాన్ని నలభై షార్ట్‌కోడ్ల మధ్య ఇరికిస్తాయి కొన్ని. రేపు ఆ బిల్డర్ తీసేస్తే పేజీ నిండా చదరపు బ్రాకెట్లే మిగులుతాయి. సంఘం వాళ్ళు ఇరవయ్యేళ్ళు వేసుకున్న సావనీరు వ్యాసాలన్నీ అందులో ఉంటే? సీఎంఎస్‌లో "కంటెంట్" అన్న మాట ముందుంటుంది, చెయ్యడంలో మాత్రం అది అందరికంటే వెనక.

"క్లయింటు డబ్బులివ్వడు, మేమేం చేస్తాం" అంటారు. అడిగారా అసలు? అపార్టుమెంటులో లిఫ్టుకి ఏఎంసీ కడుతున్నాం, నీళ్ళ ఫిల్టరుకి కడుతున్నాం. ఎందుకు? పెట్టినవాడు మొదటి రోజే చెప్పాడు కాబట్టి. సైటు పెట్టినవాడు మాత్రం "సాఫ్టువేరు ఫ్రీ అండీ" అని ఊరుకుంటాడు. ఫ్రీగా వస్తే ఫినాయిలైనా తాగేస్తారని జోకులేస్తాం గానీ, ఆ సీసా అందించేది మనమే.

సీఎంఎస్‌లు వద్దని నేననట్లేదు. ప్రపంచంలో నూటికి నలభైకి పైగా సైట్లు వర్డ్‌ప్రెస్ మీదే నడుస్తున్నాయి, ఊరికే కాదు. రోజూ పది మంది రాసేచోట అది కావాల్సిందే. కానీ ఏడాదికి రెండుసార్లు ఫీజుల పట్టిక మార్చే స్కూలుకి ఎందుకండీ? హ్యూగోతోనో జెకిల్‌తోనో నాలుగు స్టాటిక్ పేజీలు చేసిపెట్టండి, ఆ రెండుసార్లూ మీరే మార్చండి. లేదూ వాళ్ళే రాసుకోవాలంటే వర్డ్‌ప్రెస్ డాట్ కామ్, బ్లాగర్ లాంటివి ఉన్నాయి, ప్యాచ్‌ల బాధ వాళ్ళు పడతారు. ఇవేవీ కుదరక సొంత సర్వర్ మీద సీఎంఎస్ పెట్టారా, అయితే డొమైన్ యజమాని పేరు మీద, ఆయన మెయిలు మీదే ఉండాలి. బ్యాకప్ వేరేచోట ఉండాలి, దాన్ని ఒక్కసారైనా తిరిగి ఎక్కించి చూసి ఉండాలి. అక్కర్లేని ప్లగిన్ని ఆపడం కాదు, తీసెయ్యాలి. అప్‌డేట్లు ఎవరు చేస్తారో, ఏడాదికి ఎంతో కాగితం మీద రాసి ఇవ్వాలి.

ఇదంతా చెబితే క్లయింటు పారిపోతాడంటారా? పారిపోనివ్వండి. తన సైటు తను చూసుకోలేనని ముందే తెలుసుకున్నవాడు నష్టపోడు. ఇప్పుడు ఏఐని అడిగితే ఐదు నిమిషాలు కూడా పట్టట్లేదు సైటు కట్టడానికి, కాబట్టి కట్టడంలో ఇక మన గొప్ప ఏమీ లేదు. వచ్చే ఉగాదికి మళ్ళీ ఎవరో అడుగుతారు, "నువ్వు సాఫ్టువేరే కదా" అని. ఏ థీము బాగుంటుందని వెతికే ముందు, వాళ్ళని ఒక్క ప్రశ్న అడగండి: "నేను లేకపోతే దీన్ని ఎవరు చూసుకుంటారు?" జవాబు లేకపోతే ఇన్‌స్టాల్ బటను జోలికి పోకండి. మీకు పుణ్యముంటుంది.