పిల్లికి పురుగుల మందు

పిల్లి తోక కింద, పడుకున్నచోట బియ్యపు గింజల్లాంటివి కనిపిస్తున్నాయా? అవి బద్దెపురుగు తునకలు. వీటికి ప్రాజిక్వాంటెల్‌ వాడాలి. వాంతిలోనో విరేచనంలోనో తెల్లటి దారాల్లా పడితే ఏలికపాములు. వాటికి పైరాంటెల్‌. రెండూ కలిసిన మాత్రలూ ఉన్నాయి.

ఏలికపాములు తల్లిపాల ద్వారానే కూనలకు చేరతాయి. పొట్ట ఉబ్బి, ఒళ్లు చిక్కిన కూన త్వరగా నీరసించిపోతుంది. అందుకే మూడో వారం నుంచే, రెండు వారాలకోసారి మందు పట్టాలి. తల్లికీ అప్పుడే వేయించాలి.

కుక్క మాత్రను సగం విరిచి వేయొద్దు. మోతాదు పిల్లి బరువును బట్టి ఉంటుంది. దాన్ని ఎత్తుకుని తూకం చూసుకోండి. అందులోంచి మీ బరువు తీసేసి, మిగిలింది పశువైద్యుడికి చెప్పండి.

మాత్రను నాలుక వెనక్కి వేసి, నోరు మూసి గొంతు నిమరండి. తర్వాత సూది లేని సిరంజితో బుగ్గ పక్కనుంచి కొద్దిగా నీళ్లు పట్టండి.

మందు వేసినా మళ్లీ గింజలు కనిపిస్తే? బొచ్చులో గెంతే ఫ్లీలను వెతకండి. బద్దెపురుగును మోసుకొచ్చేవి అవే. వాటిని వదిలించడానికి కుక్కలకు వాడే పెర్మెత్రిన్‌ చుక్కలు మాత్రం వద్దు. పిల్లి ప్రాణానికే ముప్పు!