చుక్క ఇంట్లోనే ఉంది, నాయిన లేడు

ఈ పేజీలో ఇన్నాళ్లూ మీ ఫోన్ల జబ్బుల గురించి రాశాను. ఈ నెల మా ఇంటి ఫోన్ సంగతి. ఫోన్లు బాగుచేసే దుకాణం పెట్టుకున్నవాడి ఇంట్లోనే ఇట్లా జరిగిందని రాయడానికి సిగ్గుగానే ఉంది. కానీ మీ ఇళ్లలోనూ పెద్దవాళ్లు ఉన్నారు. అందుకే రాస్తున్నాను.

మా నాయినకు డెబ్బై ఆరేళ్లు. మిల్లు నడిచినన్ని రోజులు మిల్లులో, అది మూతపడ్డాక పవర్‌లూమ్ కార్ఖానాలో, మొత్తం నలభై ఏళ్లు సాంచాల మధ్యనే బతికాడు. చెవులు సగం అక్కడే పోయాయి. రెండేళ్ల నుంచి మతిమరుపు కూడా మొదలైంది. ఒకసారి సందు మలుపులో ఇల్లు గుర్తుపట్టలేక నిలబడిపోయాడు. ఆ రోజే ఆయనకొక స్మార్ట్‌ఫోన్ ఇచ్చి, గూగుల్ మ్యాప్స్‌లో లొకేషన్ షేరింగ్ పెట్టాను. ఆయన ఎక్కడున్నా నా ఫోన్‌లో చిన్న చుక్కలా కనిపిస్తాడు. ఇంట్లో పదిసార్లు చూశాను, సరిగ్గానే చూపించింది. ఇక భయం లేదనుకున్నాను.

పోయిన నెల ఒక సాయంత్రం అమ్మ ఫోన్ చేసింది. బీడీల చాట ముందు నుంచి లేచి చూసేసరికి నాయిన లేడు.

"ఒరేయ్, మీ నాయిన అగుపడ్తలేడురా. నీ ఫోన్ల సూడు, ఏడున్నడో."

చూశాను. చుక్క మా ఇంటి మీదే ఉంది.

"ఇంట్లనే ఉన్నడమ్మా. మీదికి ఎక్కిండేమో, బాత్రూంల ఉన్నడేమో సూడు" అన్నాను.

ఆ ఒక్క మాటతో అరగంట పోయింది. అమ్మ ఇల్లంతా వెతికింది, పక్కిళ్లు వెతికింది. మళ్లీ ఫోన్ చేసినప్పుడు గొంతు మారిపోయింది. అప్పుడు చుక్క మీద వేలు పెట్టి కిందికి చూశాను. పేరు కింద చిన్న అక్షరాల్లో, రెండు గంటల కిందటి లొకేషన్ అని ఉంది. ఆ చుక్క నాయిన కాదు, రెండు గంటల కిందటి నాయిన.

దుకాణం షటర్ దించి బయలుదేరాను. బావ బండి మీద అశోక్ చౌక్ వైపు పోయాడు. తమ్ముడు సిద్ధేశ్వర గుడి చెరువు గట్టంతా తిరిగాడు. నేను 112కు చెప్పి, మార్కండేయ గుడి దగ్గర వెతుకుతూ నాయిన ఫోన్‌కు కొడుతూనే ఉన్నాను. మోగుతోంది, ఎత్తడం లేదు. జేబులో మోగేది ఆయన చెవికి వినబడదు. పదకొండోసారో పన్నెండోసారో ఎవరో ఎత్తారు. ఒక చాయ్ బండి ఆయన. "బాబా ఇక్కడే కూర్చున్నారు, కంగారు పడకండి" అని మరాఠీలో చెప్పాడు.

పోయి చూస్తే, మూతపడ్డ మిల్లు గేటు ఎదురుగా బల్ల మీద కూర్చున్నాడు. చేతిలో ఖాళీ టిఫిన్ డబ్బా.

"ఏమైంది నాయినా, ఇట్ల వచ్చినవ్?"

"భోంగా గొట్టిండ్రు గద బిడ్డా. షిఫ్టు యాళ్లయింది."

ఆ భోంగా మోగక పాతికేళ్లు దాటింది. ఏమీ అనకుండా బండి ఎక్కించుకుని తెచ్చాను.

రాత్రి అందరూ పడుకున్నాక ఆయన ఫోన్ ముందర పెట్టుకున్నాను. లొకేషన్ ఆన్‌లోనే ఉంది. షేరింగ్ ఆన్‌లోనే ఉంది. పర్మిషన్లన్నీ సరిగ్గానే ఉన్నాయి. మరెందుకు ఆగిపోయింది? చివరికి రీచార్జి మెసేజ్ చూసి తల పట్టుకున్నాను. ట్రాయ్ 2024 డిసెంబరులో నిబంధన మార్చాక, 2025 జనవరి నుంచి నెట్ లేకుండా మాటలకూ ఎస్సెమ్మెస్‌లకూ మాత్రమే పనికొచ్చే ప్యాకులు వచ్చాయి. నాయిన వీడియోలు చూడడు, వాట్సాప్ వాడడు, ఆయనకు నెట్ ఎందుకని రెండు నెలల కింద ఆ ప్యాకే వేయించాను. వేయించింది నేనే. ఇంట్లో వైఫై ఉంది కాబట్టి ఇంట్లో ఉన్నంతసేపు చుక్క కదులుతూనే ఉంది. గడప దాటి వైఫై అందనంత దూరం పోగానే ఆయన ఫోన్‌కు నెట్ లేదు. చుక్క ఇంటి మీదే ఆగిపోయింది. నేను పదిసార్లు పరీక్ష చేసింది కూడా ఇంట్లోనే!

తప్పు ఫోన్‌ది కాదు, మ్యాప్‌ది కాదు. మిగిలిన డబ్బు ఎంతో చెప్పడానికి కూడా సిగ్గే.

తెలుసుకోవడం వేరు, చెప్పడం వేరు

చాలామంది ఫోన్ నుంచి ఉపగ్రహానికి సంకేతం పోతుందని, ఉపగ్రహం మనల్ని చూస్తుందని అనుకుంటారు. అది నిజం కాదు. జీపీఎస్ ఉపగ్రహాలు ఇరవై వేల కిలోమీటర్ల పైన తిరుగుతూ సంకేతాలు పంపుతుంటాయి. ఫోన్ వాటిని వింటుంది, అంతే. కనీసం నాలుగు ఉపగ్రహాలవి వింటే తనెక్కడుందో లెక్క కట్టుకుంటుంది. దీనికి నెట్ కూడా తప్పనిసరి కాదు. కానీ ఆ లెక్కను మీ ఫోన్ దాకా చేర్చాలంటే మాత్రం నెట్ కావాల్సిందే.

మన భాషలో చెప్పాలంటే గుడ్డ నేయడం ఒక పని, నేసిన గుడ్డను సేటు దుకాణానికి చేర్చడం ఇంకో పని. గుడ్డ షెడ్డులోనే పడి ఉంటే సేటుకు ఏం తెలుస్తుంది? లొకేషన్ సరిగ్గా రాకపోతే ముందు ఈ ఒక్క ప్రశ్న వేసుకోండి: నేయడం ఆగిందా, చేర్చడం ఆగిందా?

చుక్క కదలకుండా ఆగిపోతే

ఇది చేర్చడంలో వచ్చిన తేడా. ఈ వరుసలో చూడండి.

మొదట నెట్. ప్యాక్‌లో డేటా ఉందా, రీచార్జి గడువు అయిపోయిందా, మొబైల్ డేటా బటన్ ఆన్‌లో ఉందా? పెద్దవాళ్ల చేతిలో ఫోన్ ఉంటే ఫ్లైట్ మోడ్ తెలియకుండానే నొక్కుకుపోతుంది, అదీ చూడండి.

రెండోది పర్మిషన్. సెట్టింగ్స్‌లో యాప్స్‌కు పోయి, మ్యాప్స్ తెరిచి, పర్మిషన్స్‌లో లొకేషన్ చూడండి. యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే అని ఉంటే, ఫోన్ జేబులో పడగానే ఆగిపోవచ్చు. 'అలౌ ఆల్ ద టైమ్' అని పెట్టండి.

మూడోది బ్యాటరీ. బ్యాటరీ సేవర్ ఆన్‌లో ఉంటే కొన్ని ఫోన్లలో తెర ఆరగానే లొకేషన్ ఆగుతుంది. కొన్ని కంపెనీల ఫోన్లయితే చార్జింగ్ మిగల్చడానికి వెనకాల నడిచే యాప్‌లను వాటంతటవే ఆపేస్తాయి. అదే యాప్ పేజీలో బ్యాటరీ అని ఉంటుంది, అక్కడ 'అన్‌రెస్ట్రిక్టెడ్' లేదా 'నో రెస్ట్రిక్షన్స్' ఎంచుకోండి.

నాలుగోది గడువు. మ్యాప్స్‌లో షేరింగ్ ఒక గంటకు పెట్టారా, మనం ఆపేవరకు ఉండేలా పెట్టారా? వాట్సాప్ లైవ్ లొకేషన్ అయితే పావుగంట, గంట, ఎనిమిది గంటలు, ఈ మూడే ఉంటాయి. ఎనిమిది గంటలు దాటితే దానంతటదే ఆగిపోతుంది. రాత్రి షిఫ్టుకు పోయే పిల్లలకు ఇది చాలు కానీ, నాయినలాంటి వాళ్లకు చాలదు.

ఐదోది, మన ఇళ్లలో ఎక్కువగా చూసేది, ఒకే జీమెయిల్ రెండు మూడు ఫోన్లలో ఉండడం. కొడుకు పాత ఫోన్ తండ్రికి ఇస్తాడు, జీమెయిల్ మార్చడు. అప్పుడు చుక్క తండ్రిని చూపిస్తోందో, కొడుకునే చూపిస్తోందో చెప్పలేం. ఎవరి ఫోన్‌కు వాళ్ల జీమెయిల్ పెట్టండి. పాస్‌వర్డ్ ఇంట్లో ఒక పుస్తకంలో రాసి దాచండి.

చుక్క కదులుతుంది కానీ చోటు తప్పు

ఇది నేయడంలో తేడా. రేకుల షెడ్డులో, స్లాబు కింద ఉపగ్రహాల సంకేతం సరిగ్గా అందదు. అప్పుడు ఫోన్ చుట్టుపక్కల వైఫైలను, సెల్ టవర్లను బట్టి అంచనా వేస్తుంది. టవర్ ఒక్కటే ఆధారమైతే చోటు ఫర్లాంగులు, కిలోమీటర్లు కూడా తప్పుతుంది. మీ ఫోన్ మ్యాప్‌లో నీలం చుక్క చుట్టూ లేత నీలం వలయం కనిపిస్తుంది చూడండి. "ఈ వలయంలో ఎక్కడో ఉన్నాను" అని ఫోన్ చెబుతున్నట్టు లెక్క. వలయం పెద్దగా ఉంటే మధ్యలో ఉన్న చుక్కను నమ్మకండి.

దీనికి చేయాల్సినవి రెండు. సెట్టింగ్స్‌లో లొకేషన్, అందులో 'లొకేషన్ యాక్యురసీ' ఆన్ చేయండి. తర్వాత యాప్ పర్మిషన్‌లో 'యూజ్ ప్రిసైజ్ లొకేషన్' ఆన్‌లో ఉందో లేదో చూడండి. ఆండ్రాయిడ్ 12 నుంచి ఈ బటన్ వచ్చింది. అది ఆఫ్‌లో ఉంటే ఫోన్ కావాలనే సుమారు మూడు చదరపు కిలోమీటర్ల అంచనా మాత్రమే ఇస్తుంది. పేట తెలుస్తుంది, సందు తెలియదు.

ఫోనే పోతే

మనిషి ఇంట్లో ఉండి ఫోన్ పోతే, వేరే ఫోన్‌లో గూగుల్ ఫైండ్ హబ్ తెరిచి, పోయిన ఫోన్‌లోని జీమెయిల్‌తో లోపలికి పోండి. దీన్నే ఇంతకుముందు ఫైండ్ మై డివైస్ అనేవారు, 2025లో పేరు మార్చారు. ఫోన్ సైలెంట్‌లో ఉన్నా ఐదు నిమిషాలు గట్టిగా మోగించవచ్చు, తాళం వేయవచ్చు. మోగించాలంటే ఫోన్ ఆన్‌లో ఉండి, నెట్ కూడా ఉండాలి. ఎవరో తీసుకున్నారని అనుమానం వస్తే చుక్కను పట్టుకుని ఒంటరిగా ఆ ఇంటికి పోకండి. పోలీసు ఫిర్యాదు ఇచ్చి, సంచార్ సాథీ పోర్టల్‌లో ఫోన్‌ను బ్లాక్ చేయించండి. దానికి 15 అంకెల ఐఎంఈఐ నంబరు కావాలి. ఇప్పుడే స్టార్ హ్యాష్ సున్నా ఆరు హ్యాష్ నొక్కితే తెర మీద వస్తుంది. రేషన్ కార్డు వెనకాల రాసి పెట్టుకోండి.

ఒక ఉత్తరం

భివండి నుంచి ఒక అన్న రాశాడు: "మా బిడ్డ కాలేజీకి పోతుంది. ఆమెకు తెల్వకుండ లొకేషన్ చూసే ఉపాయం చెప్పు." అన్నా, కోపం తెచ్చుకోవద్దు, అది చెప్పను. షేరింగ్ నడుస్తోందని గూగుల్ కూడా ఫోన్ యజమానికి అప్పుడప్పుడు గుర్తు చేస్తుంటుంది. తెలియకుండా పెట్టింది ఒకనాడు తెలుస్తుంది. తెలిసిన రోజు ఆమె ఫోన్ ఇంట్లో పెట్టి పోతుంది. అప్పుడు మీకు కనిపించేది కూడా ఇంటి మీద ఆగిన చుక్కే. అడిగి పెట్టండి. "రాత్రి బస్సు ఆలస్యమైతే నాకు కనిపించాలె బిడ్డా, నువ్వు గూడ నన్ను సూడు" అనండి. ఇద్దరూ ఒకరికొకరు షేర్ చేసుకుంటే అది నిఘా అనిపించదు.

మా నాయిన విషయంలో కూడా నేను ఇప్పుడే అడిగాను. ఆయనకు బుద్ధి నిలకడగా ఉన్న పొద్దున పూట కూర్చోబెట్టి చెప్పాను. "నన్నెందుకు సూసుడు, నేనేడికి పోత?" అన్నాడు. కాసేపాగి, "సరే పెట్టు, మీ అమ్మ బుగులు పడ్తది" అన్నాడు.

ఇప్పుడు ఆయన ఫోన్‌లో డేటా ఉన్న ప్యాకే ఉంది. గడువు తేదీ క్యాలెండర్ మీద అమ్మ గుండ్రంగా గీసింది. ఫోన్ రింగ్‌తో పాటు వణికేలా పెట్టాను, చెవికి వినబడకపోయినా ఛాతీకి తెలుస్తుంది. చొక్కా జేబులో ఒక చీటీ కూడా ఉంటుంది. పేరు, ఇంటి నంబరు, మా ఇద్దరి ఫోన్ నంబర్లు, తెలుగులోనూ మరాఠీలోనూ రాసి ప్లాస్టిక్ వేయించాను. చీటీకి నెట్ అక్కర్లేదు, చార్జింగ్ అక్కర్లేదు. ఆ రోజు నాయినను ఇంటికి చేర్చింది కూడా మ్యాప్ కాదు, మోగుతున్న ఫోన్‌ను విసుక్కోకుండా ఎత్తిన ఒక చాయ్ బండి మనిషి.

మీరు ఈ ఆదివారం ఒక పని చేయండి. మీ ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్‌లో వైఫై ఆపి, వాళ్లను వెంటబెట్టుకుని కూరగాయల బజారు దాకా నడిచి రండి. ఇంట్లో ఒకరిని చుక్క చూస్తూ కూర్చోమనండి. చుక్క మీ వెంట నడిస్తే సరే. గడప దగ్గరే ఆగిపోతే పైన రాసినవి ఒక్కొక్కటే చూడండి. ఎప్పుడైనా మనిషి కనబడకపోతే చుక్క కంటే ముందు దాని కింద ఉన్న టైము చూడండి. పోలీసులకు చెప్పడానికి ఇన్ని గంటలు ఆగాలనే రూలేమీ లేదు, వెంటనే 112కు కొట్టండి. నేను పోగొట్టుకున్న అరగంట మీరు పోగొట్టుకోవద్దు.