తెల్లబట్ట - ఎప్పుడు సహజం? ఎప్పుడు జబ్బు?

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. ఇద్దరు పిల్లలు. నెలలో కొన్ని రోజులు తెల్లబట్ట అవుతోంది. ఎముకలు కరిగి అలా పోతాయని మా అత్తగారంటున్నారు. రోజూ యాంటీసెప్టిక్ కలిపిన నీళ్లతో లోపల కడుక్కుంటున్నాను. డాక్టరు దగ్గరికెళ్లాలంటే సిగ్గు. ఏం చేయాలి?
- ఓ సోదరి

జవాబు: ఎముకలు కరగడమన్నది వట్టి అపోహమ్మా. గర్భాశయ ముఖద్వారం, యోని గోడల నుంచి ఊరే ద్రవమిది. నీళ్లలాగానో, పాలలాగానో ఉండి, దుర్వాసన, దురద లేకపోతే సహజమే. 28 రోజులకోసారి బహిష్టు అయ్యేవారికి 14వ రోజు ప్రాంతంలో, అండం విడుదలయ్యేటప్పుడు, గుడ్డు తెల్లసొనలా సాగుతూ ఎక్కువవుతుంది. గర్భిణులకూ ఎక్కువగానే ఉంటుంది.

లోపల కడగడం మాత్రం వెంటనే మానేయండి. అక్కడుండే మేలుచేసే సూక్ష్మజీవులే మిమ్మల్ని ఇన్ఫెక్షన్ల నుంచి కాపాడుతుంటాయి. మందునీళ్లతో అవి పోతాయి. పైపైన మామూలు నీళ్లతో కడుక్కుంటే చాలు.

విరిగిన పాలలా ఉండి విపరీతమైన దురద పెడితే ఫంగస్ కావచ్చు. షుగరున్నవారికి, యాంటీబయాటిక్స్ వాడినవారికి ఇది ఎక్కువ. బూడిదరంగులో చేపల వాసన వస్తే బాక్టీరియా వల్ల కావచ్చు. నురగతో, పసుపు లేదా ఆకుపచ్చ రంగులో ఉంటే ట్రైకోమోనాస్ అయ్యుండొచ్చు. అప్పుడు మీవారూ మందులు వాడాలి, లేకపోతే మళ్లీ వస్తుంది. దేనికి ఏ మందో పరీక్ష చేసే చెప్పాలి. పక్కింటావిడ వాడిన బిళ్లలు మీరు వేసుకోకండి.

పొత్తికడుపులో నొప్పి, జ్వరం ఉన్నా, కలయిక తర్వాత గానీ, ముట్లుడిగాక గానీ రక్తం కనిపించినా ఒక్కరోజు కూడా ఆగొద్దు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కాదని తేల్చుకోవాలి. పంటినొప్పి చెప్పుకున్నట్టే ఇదీ డాక్టరుకి చెప్పుకోండి. ఇందులో సిగ్గెందుకు?