పేరు పెట్టని కుందేలు

"పెంచిన చేతులివి" అని మన ఇళ్ళలో తరచూ అంటుంటాం. ఆ మాట వెనకే, పైకి అన్నా అనకపోయినా, "కాబట్టి నా మాట వినాలి" అన్నది కూడా ఉంటుంది. పెంచితే హక్కు వస్తుందా అని నాకు ఎప్పటినుంచో అనుమానం. ఈ మధ్య ఒక అడవి కుందేలు గురించి చదివాక ఆ అనుమానం ఇంకా గట్టిపడింది.

క్లోయీ డాల్టన్ అనే ఇంగ్లండ్ ఆవిడ 2024లో "రైజింగ్ హేర్" అని ఒక పుస్తకం రాసింది. విదేశాంగ వ్యవహారాల్లో సలహాలిచ్చే ఉద్యోగం. ఎప్పుడూ ప్రయాణాలే. లాక్‌డౌన్ పుణ్యమా అని పల్లెలో ఉన్న తన ఇంట్లో చిక్కుకుపోయింది. 2021 ఫిబ్రవరిలో, చలిలో, దారి మధ్య అరచేతిలో ఇమిడేంత కుందేలు పిల్ల కనబడింది. వెంటనే ఎత్తుకోలేదు. కొన్ని గంటలు పోయాక వచ్చి చూస్తే ఇంకా అక్కడే ఉంది. అప్పుడు గడ్డిలో చుట్టి ఇంటికి తెచ్చుకుంది. తెలిసినవాళ్ళని అడిగితే బతకడం కష్టం, బతికినా మచ్చిక కాదు అన్నారు. పిల్లి పిల్లలకి పట్టే పాలపొడి కలిపి పట్టింది. బతికింది.

ఇంతవరకూ మనమూ చేస్తాం. గూట్లోంచి పడ్డ పిచ్చుక పిల్లకి అన్నం మెతుకు పెట్టని వాళ్ళెవరు? ఆవిడ చేయకుండా ఊరుకున్నవే నాకు గొప్పగా అనిపించాయి. బోను కొనలేదు. పేరు పెట్టలేదు. పేరు పెడితే పెంపుడు జంతువైపోతుందని. కాస్త పెద్దదై తోట గోడ దూకి పొలాల్లోకి పోతే ఆపలేదు. అది మాత్రం పగలు వచ్చి గంటలకొద్దీ ఇంట్లో కునుకు తీసేది. రెండేళ్ళు దాటాక కూడా పిలిస్తే పొలంలోంచి పరిగెత్తుకొచ్చేదట. చివరికి ఆవిడ రాసుకునే గదిలోనే పిల్లల్ని పెట్టింది! ఏ ఆడ ప్రాణి అయినా పురుడు పోసుకోడానికి చోటు వెతుక్కుందంటే, అక్కడ దానికి ఎంత ధైర్యం ఉండాలో మనకి ఒకరు చెప్పక్కర్లేదు.

ఒక సంగతి చెప్పాలి. మన భాషలో రెంటికీ కుందేలనే అంటాం గానీ, సంతలో బుట్టల్లో అమ్మే తెల్ల కుందేలు వేరు, ఇది వేరు. ఆ తెల్లవాటి జాతి బొరియల్లో ఉంటుంది, పుట్టినప్పుడు పిల్లలకి బొచ్చుండదు, కళ్ళు తెరవవు. అడవి కుందేలు, అదే మన చెవులపిల్లి, నేల మీద గడ్డి మాటున ఈనుతుంది. పిల్ల బొచ్చుతో, కళ్ళు తెరుచుకునే పుడుతుంది. ఒంటరిగా కదలకుండా పడుకోవడం దానికి పుట్టుకతో వచ్చిన విద్య. అలాంటిదాన్ని గదిలో కట్టేసినట్టు ఉంచితే అది బతికినట్టా?

ఉంచినవాడూ ఉన్నాడు, అతన్ని తప్పుపట్టను. విలియం కూపర్ అనే కవి 1774లో మనసూ ఒళ్ళూ బాగాలేక, మనుషులతో గానీ పుస్తకాలతో గానీ పొద్దుపోని దశలో మూడు కుందేలు పిల్లల్ని సాకాడు. పస్, టైనీ, బెస్ అని పేర్లు పెట్టాడు. అందులో రెండు ఆడ పేర్లే, కానీ మూడూ మగవే! తన చేత్తో చెక్క గూళ్ళు చేసి, సాయంత్రాలు హాల్లో తివాచీ మీద వదిలేవాడు. పస్‌కి జబ్బు చేస్తే సేవ చేశాడు. కోలుకున్నాక అది ఆయన చెయ్యంతా, వేళ్ళ సందులతో సహా నాకిందట. తోటలోకి తీసుకెళ్ళమని ఆయన మోకాలి మీద ముందుకాళ్ళతో దరువేసేది. డాల్టన్ కుందేలు కూడా పలకరించమని రాత్రిళ్ళు దుప్పటి మీద అలాగే దరువేసిందట. రెండొందల యాభై ఏళ్ళ తేడాలో, అదే అల్లరి.

టైనీ మాత్రం ఎంత చేసినా లొంగలేదు. దగ్గరికెళ్తే గుర్రుమనేది, కొట్టేది, కరిచేది. అది చచ్చిపోయినప్పుడు కూపర్ దాని మీద ఏకంగా కవితే రాశాడు. నాకు ఆయన నచ్చింది అక్కడే.

ఈ కథలన్నీ ఇంట్లో చెప్తే మా అత్తయ్య, "మా ఊళ్ళో కుందేలు ఇంట్లోకొస్తే మళ్ళీ బయటికెళ్ళేది కాదమ్మా, పొయ్యి మీదికే" అని నవ్వేసింది. మా వదినకి మాత్రం నవ్వు రాలేదు. "పేరు లేదు, కట్టు లేదు, రేపు రాకపోతే ఏం చేస్తుందట?" అంది. ఆవిడ అడిగింది కుందేలు గురించి కాదని నాకూ తెలుసు, ఆవిడకీ తెలుసు. పోయిన జూన్‌లో మా అమ్మాయి బెంగుళూరులో ఉద్యోగంలో చేరింది. పెళ్ళి చేసి పంపాలి గానీ ఉద్యోగానికి పంపడమేంటని వదిన వాదన. ఆవిడ పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. రాకపోతే రాదు వదినా, అన్నాను. రాకపోవడానికి వీలుండాలి. అప్పుడే కదా వచ్చినప్పుడు అది రావడం అవుతుంది!

అలాగని డాల్టన్‌ని దేవతని చెయ్యను. ఒంటరి మనిషి, చుట్టూ పొలాలు, సొంత ఇల్లు. కుక్కర్ కూతలు, టీవీ, బడికెళ్ళే పిల్లలు, మందుల వేళలు ఉన్న మన ఇళ్ళలో ఒక కుందేలు కోసం అడుగు చప్పుడు తగ్గించుకుని బతకడం కుదరదు. ఆ తీరిక అందరికీ దొరికేది కాదు. అది చదువుతూ నేను కాస్త అసూయపడ్డ మాట నిజం.

ఈ కథ విని పిల్లలు మాకూ ఒకటి కావాలని గొడవ చేస్తారు కాబట్టి ఇదీ రాస్తున్నాను. మన దగ్గర అడవి కుందేలుని పట్టడం, ఇంట్లో ఉంచుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. దెబ్బ తగిలి కనిపిస్తే అటవీ శాఖ వాళ్ళకి చెప్పండి. కంది చేలోనో, వేరుశనగ చేలోనో ఒంటరి పిల్ల కదలకుండా పడుకుని కనబడితే, అయ్యో తల్లి లేదని ఎత్తుకోకండి. తల్లి ఉంటుంది. పగలంతా దగ్గరికి రాకుండా ఉండడమే దాని కాపలా, తను వస్తే వాసన పట్టి వెనకే నక్కో కుక్కో వస్తుందని. పొద్దు గూకాక వస్తుంది, నాలుగు నిమిషాలు పాలిస్తుంది, మళ్ళీ వెళ్ళిపోతుంది.