కాగితం ఇవ్వని యజమానికి డ్రైవర్ దొరకకూడదు

తెనాలిలో హెవీ లైసెన్సు చేతికొచ్చిన కుర్రాడు పని కోసం ఎక్కువ రోజులు తిరగనక్కర్లేదు. నిమ్మకాయల మార్కెట్లో, దుగ్గిరాల పసుపు యార్డులో, రైసు మిల్లుల దగ్గర, రేపల్లె దాటితే రొయ్యల చెరువుల గట్ల మీద వినిపించేది ఒకటే మాట: బండి ఉంది, డ్రైవర్ లేడు. ఇంత గిరాకీ ఉన్నప్పుడు కొత్తవాడిదే పైచేయి కావాలి. కావడం లేదు. జీతం నోటిమాట, బత్తా నోటిమాట, సెలవు ఊసే ఉండదు. చేతిలో కొంత అడ్వాన్సు పెడతారు, దాంతోపాటే లోడు బండి తాళమూ ఇస్తారు. ఈ పద్ధతి పోవాలి. నియామక పత్రం రాసివ్వని యజమాని దగ్గర, మొదటి నెలల్లో పక్కన అనుభవమున్న డ్రైవర్‌ని కూర్చోబెట్టని యజమాని దగ్గర కొత్త కుర్రాడెవరూ చేరకూడదు. అలాంటి యజమాని బండికి రవాణా శాఖ కూడా తేలిగ్గా దారి ఇవ్వకూడదు.

కాగితం మీద ఇంత పట్టుదల ఎందుకని అడిగేవాళ్లు ప్రమాదం జరిగిన మర్నాడు డ్రైవర్ ఇంటికి వెళ్లి చూడాలి. పనిలో ఉండగా చనిపోయిన కార్మికుడి కుటుంబానికి యజమాని నష్టపరిహారం చెల్లించాలని 1923లోనే చట్టం వచ్చింది. చనిపోయిన డ్రైవర్‌దే తప్పైనా ఆ హక్కు పోదు. మరణిస్తే సగం జీతాన్ని వయసును బట్టి నిర్ణయించిన గుణకంతో హెచ్చిస్తారు. లెక్కలోకి తీసుకునే జీతానికి 2020లో పెట్టిన పరిమితి 15,000 రూపాయలు. 25 ఏళ్ల డ్రైవర్‌కి గుణకం 216.91 కాబట్టి ఆ జీతం మీద వచ్చే పరిహారం 16,26,825 రూపాయలు. ఒక పేద కుటుంబం మళ్లీ నిలదొక్కుకోవడానికి పనికొచ్చే మొత్తం అది. అది రావాలంటే రెండు సంగతులు రుజువు కావాలి: అతను ఆ యజమాని దగ్గరే పనిచేసేవాడని, జీతం ఇంత అని. నోటిమాట మీద చేరినవాడి భార్య ఈ రెండిట్లో ఏది రుజువు చేయగలదు? జీతం బ్యాంకు ఖాతాలో పడి ఉండదు. హాజరు పుస్తకం ఉండదు. ఆ అబ్బాయి మా మనిషే కాదు అని యజమాని ఒక్క మాటంటే ఆమె ఏళ్ల తరబడి ఆఫీసుల చుట్టూ తిరగాలి.

బీమా సంగతి కూడా కొత్తవాళ్లు తెలుసుకోవాలి. పాలసీలో కనిపించే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా బండి సొంతదారు తానే నడిపేటప్పటిది. జీతానికి పనిచేసే డ్రైవర్‌కి అది వర్తించదు. అతని కోసం యజమాని బాధ్యత కింద విడిగా కట్టే ప్రీమియం ఏడాదికి 50 రూపాయలు. చేరబోయే ముందు పాలసీ కాగితం అడిగి ఆ పద్దు ఉందో లేదో చూసుకోండి. చూపించడానికి ఇష్టపడని ఓనర్ దగ్గర ఇంకో నిమిషం కూడా నిలబడొద్దు.

చట్టాలు లేక ఈ దుస్థితి రాలేదు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని పని వేళలు నిర్ణయించింది. దూరప్రయాణాల్లో దాన్ని 10 గంటలు, 54 గంటల దాకా పెంచవచ్చంది. వరుసగా 5 గంటలు నడిపితే అరగంట ఆగాలంది. ఆ చట్టం ఐదుగురికి తక్కువ కాకుండా పనివాళ్లున్న సంస్థలకే అన్నా, మోటారు వాహనాల చట్టం 91వ సెక్షన్ ఆ వేళల్నే రవాణా వాహనం నడిపే ఎవరికైనా వర్తింపజేసింది. ఆ పాత చట్టం స్థానంలో 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లు నియామక పత్రాన్ని తప్పనిసరి చేశాయి. మంచిదే. కానీ వాటిలో ఆ పత్రం అడిగే వృత్తి భద్రత కోడ్ వర్తించేది పదిమందికి తక్కువ కాకుండా పనిచేసేచోట. మన ప్రాంతంలో ఒకటి, రెండు, మహా అయితే నాలుగు లారీలున్న ఓనర్లే ఎక్కువ. కొత్తవాడు చేరేదీ వాళ్ల దగ్గరే. రక్షణ ఎవరికి అందరికన్నా ఎక్కువ అవసరమో సరిగ్గా అక్కడికొచ్చేసరికి చట్టం ఆగిపోయింది.

ఇక నేర్చుకోవడం. ఒకప్పుడు కుర్రాడు క్లీనర్‌గా చేరేవాడు. టైర్లకు గాలి చూడటం, పట్టా కట్టడం, రివర్సులో వెనక నిలబడి కేకేయడం దగ్గర మొదలుపెట్టి, ఖాళీ బండిని ఊరి బయట నడిపి, కొన్నేళ్లకు గానీ లోడు బండి స్టీరింగు ముట్టుకునేవాడు కాదు. ఆ పద్ధతిలో తిట్లూ దెబ్బలూ, చాలీచాలని కూలీ ఉండేవి. వాటిని ఎవరూ తిరిగి కోరుకోరు. అయితే పక్కన ఒక పెద్ద ఉండేవాడు. ఖర్చు తగ్గించుకోవడానికి ఓనర్లు క్లీనర్‌ని పెట్టుకోవడం మానేశారు. నేషనల్ పర్మిట్ లారీలో ఇద్దరు డ్రైవర్లుండాలన్న నిబంధనను కేంద్రం 2018లో ఎత్తేసింది. దాంతో లైసెన్సు కొత్త, దారి కొత్త, బండి కొత్త అయిన కుర్రాడు ఒంటరిగా రాత్రిపూట బయల్దేరుతున్నాడు. మామూలు డ్రైవింగ్ స్కూల్లో హెవీ శిక్షణకు నిబంధనలు అడిగేది 30 రోజులు, అందులో స్టీరింగు పట్టే సమయం 15 గంటలు. గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాల్లో 2021 నుంచి ఆరు వారాలు, 38 గంటలు. పది టైర్ల లారీ మొత్తం బరువు 28.5 టన్నుల దాకా ఉండొచ్చు. దాన్ని బ్రేకు మీద ఆపడం ఆ కాస్త సమయంలో ఎవరికీ రాదు.

అందుకే మొదటి పని ఎంచుకునేటప్పుడు జీతంకన్నా ముందు లోడు చూడాలంటాం. నిమ్మకాయలు ఎండకు వాడిపోతాయి, రొయ్యలకు వేసిన ఐసు కరిగిపోతుంది. ఈ రెండు సరుకుల్లోనూ ఫలానా సమయానికి చేరాల్సిందే అన్న ఒత్తిడి బండి కదలక ముందే డ్రైవర్ మీద పడుతుంది. బేరగాళ్ల ఫోన్లు దారి పొడవునా వస్తూనే ఉంటాయి. నిద్ర ఆపుకుని నడిపేది ఎక్కువగా ఇలాంటి లోడ్లతోనే. ధాన్యం, బియ్యం, పసుపు బస్తాలు ఒక పూట ఆలస్యమైతే చెడిపోవు. మొదటి ఏడాది పొడి సరుకు, తెలిసిన దారి, పగటి ప్రయాణం ఇచ్చే ఓనర్ నెలకు రెండు వేలు తక్కువిచ్చినా అతన్నే ఎంచుకోండి. ఇంకా చిన్నగా మొదలుపెట్టాలనుకునేవాళ్లకు 2024 నవంబర్ 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దారి స్పష్టం చేసింది: మొత్తం బరువు 7,500 కిలోలు మించని సరుకుల బండిని తేలికపాటి వాహనాల (ఎల్‌ఎంవీ) లైసెన్సుతోనే నడపవచ్చు. చిన్న బండి మీద ఒక ఏడాది తిరిగినవాడికి పెద్ద లారీ ఎక్కేటప్పుడు చేయి వణకదు.

అడ్వాన్సు విషయంలో మాత్రం మాకు ఏ మినహాయింపూ లేదు. చేరేటప్పుడే పెద్ద మొత్తం చేతిలో పెట్టే ఓనర్ ఉదారుడనిపిస్తాడు. ఆ డబ్బు తీరేదాకా మానేయలేం, ఓవర్‌లోడు వద్దని అనలేం, నిద్రొస్తోందని చెప్పలేం. సరుకు తూకంలో తగ్గిందని జీతంలో కోస్తే అడగలేం. కొందరు లైసెన్సు ఒరిజినల్ కూడా తీసి బీరువాలో పెట్టుకుంటారు. లైసెన్సు డ్రైవర్ సొత్తు, దాన్ని అప్పుకు తాకట్టుగా ఇవ్వొద్దు. ఓవర్‌లోడుకు 2019 సవరణ తర్వాత జరిమానా 20,000 రూపాయలు, అదనపు ప్రతి టన్నుకు 2,000. డ్రైవర్ సొంతదారు కానప్పుడు ఆ నేరం యజమానికి తెలిసే జరిగిందని కోర్టు భావించవచ్చని 113వ సెక్షన్ చెబుతోంది. జరిమానాను డ్రైవర్ జీతంలో కోసే ఓనర్లకు ఈ సంగతి ఎవరైనా గట్టిగా చెప్పాలి.

చిన్న ఓనర్ల కష్టం మాకు తెలియనిది కాదు. డీజిల్, టోల్, టైర్లు, ఫైనాన్సు కిస్తీ అన్నీ పోగా నెలాఖరుకు మిగిలేది కొంచెం. వాళ్లలో చాలామంది ఒకప్పుడు స్టీరింగు పట్టినవాళ్లే. నిజానికి డ్రైవర్‌గా మొదలై ఓనరైన మనిషి దగ్గర నేర్చుకున్నంత బాగా పెద్ద కంపెనీలో నేర్చుకోలేరు. కంపెనీలో పీఎఫ్, కచ్చితమైన జీతం తేదీ ఉంటాయి గానీ, ఏ లోడుకి ఎక్కడ తాడు బిగించాలో పక్కన కూర్చుని చెప్పేవాడు ఉండడు. కనుక చిన్న ఓనర్ని వదిలేయమని మేం చెప్పడం లేదు. ఆయన్ని అడగమంటున్నాం. పేరు, చేరిన తేదీ, నెల జీతం, బత్తా, వారపు సెలవు రాసి సంతకం పెట్టడానికి ఆయనకు పైసా ఖర్చు కాదు. కొన్ని ట్రిప్పులు పాత డ్రైవర్‌ని పక్కన పంపితే ఖర్చవుతుంది, నిజమే. ఒక్క బోల్తాతో పోల్చితే అది లెక్కలోకి రాదు. విశ్రాంతి సంగతీ చూడాలి: ఐరోపాలో నాలుగున్నర గంటలు నడిపిన డ్రైవర్ 45 నిమిషాలు ఆగాడో లేదో బండిలోని టాకోగ్రాఫే నమోదు చేస్తుంది. మన లారీల్లోనూ జీపీఎస్ ఉంటోంది, కానీ దాన్ని ఎక్కువగా వాడేది బండి ఎందుకు ఆగిందని నిలదీయడానికి.

ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కోసం ఎనిమిదేళ్ల లోపు లారీ రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా పరీక్షకు రాక తప్పదు. బ్రేకులూ లైట్లూ చూసేచోటే ఈ బండి నడిపేదెవరు, అతని నియామక పత్రమేది, బీమాలో డ్రైవర్ పద్దు ఉందా అని అడగాలి. అందుకు అవసరమైన ఆదేశం రాష్ట్ర ప్రభుత్వం ఇవ్వాలి. పదిమంది లోపు పనివాళ్లున్న రవాణా యజమానులకూ నియామక పత్రాన్ని తప్పనిసరి చేస్తూ నిబంధన తేవాలి. ఆ లోపు తెనాలి, రేపల్లె, బాపట్ల లారీ యజమానుల సంఘాలు ఒక పేజీ నమూనా పత్రం తెలుగులో అచ్చువేయించి సభ్యులందరికీ పంచవచ్చు. నిమ్మకాయల సీజను ముమ్మరమై, డ్రైవర్ల కోసం వెతుకులాట మొదలయ్యే లోపే ఆ పత్రం ప్రతి ట్రాన్స్‌పోర్టు ఆఫీసు బల్ల మీద ఉండాలి.